కొత్త డిస్కస్

ఏలూరులో తలుపులూ కిటికీలూ చేసే అబ్దుల్ సలాంకి ఒక్కతే కూతురు. పేరు మునీరా. పంతొమ్మిదేళ్ళు, డిగ్రీ రెండో ఏడు. ఆ పిల్ల డిస్కస్ విసురుతుందని వీధి వీధంతా తెలుసు గానీ, డిస్కస్ అంటే ఏమిటో తెలిసినవాళ్ళు తక్కువ. ఎవరైనా అడిగితే సలాంకి సంబరం. "కిలో బరువుండే పళ్ళెమండీ. గిరగిరా తిరిగి విసురుతుంది మా అమ్మాయి," అని చేతిలో పని ఆపి మరీ తిరిగి చూపించేవాడు.

మునీరా విసిరే డిస్కస్ సగం ఆయన చేసిందే. ఆరేళ్ళ కిందట స్కూల్లో చెక్క పగిలి మూల పడేసినదాన్ని డ్రిల్లు మాస్టారిని అడిగి తెచ్చాడు. ఇనుప అంచు ఉంచేసి, రెండువైపులా టేకు చెక్క గుండ్రంగా కోసి, చిత్రిక పట్టి బిగించాడు. బరువు కాస్త ఎక్కువొచ్చింది. విప్పి మళ్ళీ గీశాడు. కిరాణా కొట్టు త్రాసులో కిలో రాయికి సరిగ్గా తూగేదాకా నాలుగుసార్లు విప్పి బిగించాడు. ఆ టేకు ఆరేళ్ళలో మునీరా చెమటకి నల్లబడి, అద్దంలా నున్నబడింది. కళ్ళు మూసుకుని పట్టుకున్నా ఏ వైపు పైకుందో చెప్పేసేది.

దాంతో ముప్ఫై ఏడు మీటర్లు వేసేది. చెయ్యి బాగా ఆడిన రోజున ముప్ఫై ఎనిమిది. రెండేళ్ళుగా అక్కడే ఆగిపోయింది.

తాడేపల్లిగూడెంలో ఓ కాలేజీకి ఫిజికల్ డైరెక్టరు భీమశంకరం గారు. మునీరాని ఏవో పోటీల్లో చూసి, ఆదివారాలు పాసింజరు బండెక్కి రమ్మని, ఊరికే నేర్పేవారు. ఆయన 2007 ఏప్రిల్ ఆఖర్లో నల్లటి ఫైబరు డిస్కస్ ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టారు.

"మే నెలాఖర్లో జిల్లా సెలక్షను. రాష్ట్ర పోటీలకి ఇద్దర్నే తీసుకుంటారు. ముప్ఫై ఎనిమిదితో నువ్వు మూడోదానివి," అన్నారు. "అంచు ఇనపదైనా, నీ చెక్కదాని బరువు చాలావరకు నడుమనే ఉంది. దీని బరువు అంచులో ఉంది. సరిగ్గా వదిలితే తిరుగుతూ గాలి మీద సాగిపోతుంది. వంకరగా వదిలావో, నీ పాతదానికంటే ముందే కూలుతుంది. దీని దగ్గర తప్పు సాగదమ్మా."

"ఏది వెయ్యమంటారు సార్, సెలక్షన్లో?"

"అది నేను చెప్పకూడదు. నీ చెయ్యి చెప్పాలి."

తండ్రీ కూతుళ్ళ సాధన పెదపాడు దగ్గర, సుబ్బారావు గారి చేపల చెరువులో. ఆయన ఇంటికి తలుపులు చేసినప్పుడు సలాం నోరు తెరిచి అడిగిన ఒకే ఒక్క కోరిక అది. వేసవిలో చేపలు పట్టేసి, నీళ్ళు తోడేసి, చెరువుని ఎండగడతారు. అయిదెకరాల అడుగు నేల ఎండి, నెర్రెలిచ్చి, బల్లపరుపుగా ఉండేది. గట్టు కింద తవుడు బస్తాలు పేర్చుకోవడానికి పోసిన సిమెంటు గచ్చు మీద సలాం సుద్దతో వలయం గీశాడు. సాయంత్రం నాలుగున్నరకల్లా పని కట్టేసి, కూతుర్ని మోపెడ్ మీద ఎక్కించుకుని వచ్చేవాడు.

సలాం ఆమెకి ఎదురుగా నిలబడేవాడు. నలభై మీటర్ల దగ్గర ఓ వెదురు పుల్ల పాతి, దాని పక్కన. డిస్కస్ ఆయన ముందు రెండు మూడు గజాల్లో దబ్బున పడి దొర్లుకుంటూ వస్తే, కాలితో ఆపి, తెచ్చి కూతురి చేతికిచ్చి, మళ్ళీ నడిచి వెళ్ళేవాడు. పిల్ల కాళ్ళు అలిసిపోకూడదని.

"ఎదుట నిలబడకండి సలాం గారూ, పక్కకుండండి," అని ఓ సాయంత్రం చూడ్డానికొచ్చిన భీమశంకరం గారు రెండుసార్లు చెప్పారు.

"ఆరేళ్ళుగా చూస్తున్నానండీ. అదెక్కడ పడుతుందో నాకు తెలీదాండీ?" అని నవ్వేశాడు సలాం. నిజమే, ఆయనకి తెలుసు. మునీరా భుజం కదలికని బట్టే అడుగు అటో ఇటో జరిగేవాడు.

కొత్తది మాత్రం చెప్పినట్టు వినలేదు. ఇరవై తొమ్మిది. ముప్ఫై ఒకటి. వేళ్ళ కొసలు చర్మం లేచిపోయింది. ఒక్కసారి, ఎలా వదిలిందో తనకే తెలియకుండా, ముప్ఫై తొమ్మిది పడింది. ఆ ఒక్కసారి కోసం పది రోజులు దాన్నే విసిరింది. ఇంటికొచ్చాక రెండిటినీ ఒళ్ళో పెట్టుకుని కూచునేది. తల్లి జైనబ్ అన్నం వడ్డిస్తూ, "రెండూ ఇనపముక్కలే. పెళ్ళిచూపుల్లో కూడా ఇంతలా ఎంచరే," అనేది.

సలాం మాత్రం ఆలోచించే జవాబు చెప్పాడు. "కొత్త ఉలి కొంటే మొదటి నెల చెయ్యి తెగుతుంది. రెండో నెల పాత ఉలి పట్టుకోబుద్ధి కాదు. కానీ నీకు రెండో నెల లేదు కదమ్మా. సెలక్షన్‌కి పాతదే పట్టుకెళ్ళు."

మే పదకొండు, శుక్రవారం. ఆ సాయంత్రం కొత్తది పదకొండుసార్లు వేస్తే పదకొండూ చెడిపోయాయి. పాతది మూడుసార్లు వేస్తే మూడూ వెదురు పుల్లకి ఇవతలే, ఒకదాని పక్కన ఒకటి, కొలిచి పెట్టినట్టు పడ్డాయి. పొద్దు గట్టు మీదికి దిగింది.

"ఇంక చాలమ్మా. పాతది ఇంకోటి వేసెయ్, పోదాం," అని చెప్పి సలాం తన చోటికి నడిచాడు.

రెండు డిస్కస్‌లూ గచ్చు మీద పక్కపక్కన ఉన్నాయి. మునీరా పాతదాని కోసమే వంగింది. చెయ్యి నల్లదాన్ని తీసుకుంది. తండ్రికి చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు.

తిరిగింది. అప్పటిదాకా ఆమెతో పెనుగులాడిన బరువు ఒక్కసారిగా ఆమె ఒంట్లో భాగమైపోయింది. పాదం, నడుం, భుజం ఒకదాని వెనక ఒకటి వచ్చి, చూపుడువేలి కొస మీంచి డిస్కస్ జారిపోయింది. అంత మెత్తగా ఏదీ తన చేతిలోంచి వెళ్ళలేదు. పైకి లేచి, ఊగకుండా, ఎండిన చెరువు మీద తేలుతూ పోతోంది. మునీరాకి ఆనందం గొంతుదాకా వచ్చేసింది.

"నాన్నా! చూడూ!" అని కేక పెట్టింది.

విసిరేటప్పుడు ఆమె ఎన్నడూ నోరు తెరిచింది లేదు. సలాం తల తిప్పి కూతురికేసి చూశాడు. పాతదైతే ఆ సరికి కింద పడిపోవాలి. నల్లటిది, మునిమాపు వేళ, పడకుండా ఇంకా వస్తూనే ఉంది.

ఎండు కొబ్బరికాయ గచ్చు మీద పడ్డట్టు చప్పుడైంది.

చెరువు కాపలా అప్పారావు గట్టు మీంచి పరిగెత్తుకొచ్చేసరికి మునీరా తండ్రి తల ఒళ్ళో పెట్టుకుని, చున్నీతో ఎడమ కణత అదిమి పట్టుకుని ఉంది. రోడ్డు మీద పోయే ఆటో ఆపి ఏలూరు తీసుకెళ్ళారు. అక్కణ్ణించి అంబులెన్సులో బెజవాడ. పుర్రె ఎముక విరిగి లోపలికి దిగిందన్నారు. ఆపరేషన్ చేశారు. అయిదు రోజులకి కళ్ళు తెరిచాడు. ఏడో రోజున మాట వచ్చింది, నాలుక మందంగా తిరుగుతూ. కుడి చెయ్యి మాత్రం రాలేదు. డాక్టరు ఆ అరచేతిలో తన వేలు పెట్టి, "పట్టుకోండి," అన్నాడు. సలాం ఆ చేతికేసి, ఎవరి చేతికేసో చూసినట్టు చూశాడు.

జైనబ్ కూతురితో మాట్లాడటం మానేసింది. తిట్టలేదు, ఏడవలేదు. పళ్ళెంలో అన్నం పెట్టి ముందుకి తోసేది. ఏదైనా చెప్పాల్సొస్తే గోడకి చెప్పేది. చూడ్డానికొచ్చిన చుట్టాలు మాత్రం మాటలు దాచుకోలేదు. "ఆడపిల్లకి ఆ విసురుళ్ళెందుకు అని అప్పుడే అనుకున్నాం," అన్నారు, మునీరాకి వినపడేలాగే.

సెలక్షను మే ఇరవై ఏడున, తాడేపల్లిగూడెంలో. అప్పటికి సలాంని ఇంటికి తెచ్చారు. ముందురోజు మధ్యాహ్నం ఆయన కూతుర్ని మంచం దగ్గరికి పిలిచాడు.

"రేపు... గూడెం... వెళ్ళు," అన్నాడు.

"నేను వెళ్ళను నాన్నా."

"వెళ్ళు. లేకపోతే... ఇదంతా... ఎందుకు?"

మునీరా లేచి వెళ్ళి సంచి సర్దుకుంది.

తాడేపల్లిగూడెం గ్రౌండులో వడగాలి కొడుతోంది. మునీరా సంచిలో రెండూ తెచ్చింది గానీ, పైకి తీసింది టేకుదాన్నే. అయిదుసార్లు దాంతోనే వేసింది. ముప్ఫై ఏడు మీద కొద్దిగా. భీమశంకరం గారు చెప్పినట్టే, మూడో స్థానం. ఆఖరు విసురు మిగిలింది. ఆయన పక్కకొచ్చి నిలబడ్డారు. ఈ మధ్య ఆయన కూడా నిద్రపోతున్నట్టు లేరు, మొహం పీక్కుపోయి ఉంది.

"ఆ డిస్కస్ తెచ్చిచ్చింది నేనమ్మా," అన్నారు. "నువ్వు దాన్ని ముట్టుకోకపోయినా నేనేమీ అనుకోను. కానీ పాతదాంతో ఇంతకు మించి రాదు. అది నీకూ తెలుసు."

మునీరా సంచి తెరిచింది. నల్లటిదాన్ని ఇంటి దగ్గర సబ్బు పెట్టి కడిగింది తనే. అయినా చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసుకుంది. వలయంలోకి వెళ్ళి నిలబడింది. ఎదురుగా, డిస్కస్‌లు పడే చోటికి బాగా అవతల, టేపు పట్టుకునే తాతాజీ గారు ఎవరితోనో కబుర్లు చెబుతూ ఇటు వీపు పెట్టి ఉన్నారు.

"ఆయన్ని పక్క గీత బయటికి పిలవండి సార్."

"యాభై మీటర్ల అవతలున్నారు కదమ్మా. అంత దూరం ఎవరూ వెయ్యరు."

"పిలవండి. లేకపోతే నేను వెయ్యను."

కేకేస్తే తాతాజీ గారు విసుక్కుంటూ జరిగారు. మునీరా తిరిగింది. పాదం, నడుం, భుజం. మళ్ళీ అదే మెత్తదనం వేలి కొస మీంచి జారింది. పెదవి పళ్ళ మధ్య నొక్కి పట్టుకుంది. నలభై ఒకటీ ఎనభై అయిదు. ఆ గ్రౌండులో ఆ రోజున అంత దూరం ఇంకెవరూ వెయ్యలేదు. తోటి ఆడపిల్లలు చప్పట్లు కొడుతుంటే ఆమె వెళ్ళి డిస్కస్ తనే తెచ్చుకుని సంచి అడుగున పెట్టేసింది.

ఇంటికొచ్చేసరికి సాయంత్రం అయిదైంది. వార్త అప్పటికే ఫోన్లో వచ్చేసింది. సలాం దిండ్లకానుకుని కూచునున్నాడు. మొహంలో ఓ పక్క నవ్వుతోంది, రెండో పక్క కదలడం లేదు. మునీరా ఆయన కాళ్ళ దగ్గర కూచుంది. పదహారు రోజులుగా దాచుకున్నది చెప్పేసింది.

"ఆ రోజు నువ్వు పాతది వెయ్యమన్నావు. నేను కొత్తది వేశాను. నీకు చెప్పలేదు. ఇంకోటి నాన్నా... అది చేతిలోంచి వెళ్ళగానే నాకు పట్టలేనంత సంతోషమేసింది. అందుకే అరిచాను. నేనరవకపోతే నువ్వు నాకేసి చూసేవాడివి కాదు. దాన్నే చూసేవాడివి. తప్పుకునేవాడివి."

సలాం ఎడమ చెయ్యి ఆమె తల మీద పెట్టాడు. "నేను... దాన్నే చూస్తున్నా. పాతదాని లెక్కలో... నిలబడ్డా. తప్పు... నాదే. నీ కేక... వినలేదు."

పొయ్యి దగ్గర గిన్నె దించుతున్న జైనబ్ ఆగిపోయింది.

"విన్నారు," అంది.

కూతురు మొహంలోకి సూటిగా చూసి ఆవిడ అన్న మొదటి మాట అది. "ఏవండీ, ఎందుకండీ అబద్ధం? కూతురైతే మటుకు తెలియొద్దూ? ఆస్పత్రిలో నోట మాట వచ్చీ రాగానే ఏమన్నారు మీరు? పిల్ల ఎంత సంతోషంగా అరిచిందో జైనబ్, అన్నారా లేదా? మీ చెయ్యి పోయిందని ఏడవలేదు. అది చెప్పి ఏడ్చారు."

సలాం కళ్ళు మూసుకున్నాడు. మూసిన రెప్పల కింద నుంచి కారిన నీళ్ళు ఒక్క ఎడమ చెంప మీదే తుడుచుకున్నాడు. కుడి చెంప మీద తడి ఆయనకి తెలియలేదు. మునీరాయే తుడిచింది.

కాసేపటికి ఆయన కళ్ళు తెరవకుండానే అడిగాడు. "చిత్రిక పడుతుంటే... ఒక్కోసారి పల్చని చెక్కపేడు... తెగకుండా... బల్ల చివరిదాకా లేస్తుంది. అలా... ఉంటుందా అమ్మా? చేతిలోంచి వెళ్ళేటప్పుడు?"

సరిగ్గా అలాగే ఉంటుంది. ప్రపంచంలో అది ఆయనొక్కడికే అర్థమయ్యే సంగతి. చెబుదామని నోరు తెరిచింది గానీ, మంచం అంచున పడున్న కుడి చెయ్యి కళ్ళబడింది.

"తెలీదు నాన్నా," అంది.

సలాం తలూపాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

జూన్‌లో రాష్ట్ర పోటీలకి మునీరా నల్లటిదాంతోనే వెళ్ళింది. నాలుగో స్థానం వచ్చింది. ముగ్గురికే పతకాలు. ఆ ఏడు చివర్లో, చదువు ఆపేసిన ఆమెకి భీమశంకరం గారు తన కాలేజీలోనే ఆటసామాను చూసుకునే పని ఇప్పించారు. పొద్దున్నే పాసింజరుకి వెళ్ళి సాయంత్రానికి వచ్చేది. డిస్కస్ ఇంకో ఏడాది వేసింది, ఆ తర్వాత మానేసింది. ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే భుజం నొప్పి అనేది.

జైనబ్ మాటలు కలిపింది. కూతురితో ఇంటి సంగతులన్నీ చెప్పేది, బండి ఆలస్యమైతే గుమ్మంలో నిలబడి చూసేది. కానీ మునీరా ఎప్పుడైనా ఏ కబురుకో గొల్లుమని నవ్వితే, ఆవిడ చేతిలో పని ఆగిపోయేది. అది గమనించాక మునీరా ఆ ఇంట్లో మెల్లిగా నవ్వడం అలవాటు చేసుకుంది.