పొయ్యికి గాలి గొట్టం

సత్యకుమారికి పట్టుదల వచ్చిందంటే ఇక ఎవరి మాటా చెవికెక్కదు. రాజోలు నుంచి దుబాయ్ వచ్చి, రాసల్ ఖైమా కొండల మీద ఓ ముసలావిడ ఇంట్లో పనికి కుదిరింది. అప్పట్నుంచీ ఆ పట్టుదలంతా ఒక్క దానిమీదే పెట్టింది. ఆ ముసలావిణ్ణి కొండ దిగనివ్వకూడదు.

ముసలావిడ పేరు మౌజా. ఇక్కడి ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళందరిలాగే సత్యకుమారి కూడా యజమానురాలిని ‘మామా’ అని, ఆవిడ కొడుకును ‘బాబా’ అని పిలుస్తుంది. కిందటి చలికాలం కొడుకు సయీద్ ఆవిణ్ణి దుబాయ్‌లో తన ఫ్లాటుకు తీసుకుపోతే, తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. సత్యకుమారి వెంట వెళ్ళి, బతిమాలి నాలుగు ముద్దలు తినిపించి, మళ్ళీ కొండెక్కించి తెచ్చుకుంది. ఇంకోసారి అక్కడికి పంపితే మనిషి దక్కదని ఆమె భయం. ఆ భయం ఉత్తది కాదు.

సయీద్ చెడ్డవాడేం కాదు. తల్లి చలికి వణుకుతోందని, చెక్కపొట్టు గుళికలు పోస్తే తనంతట తానే రాజుకునే పొయ్యి ఒకటి తెప్పించి, ఆవిడా సత్యకుమారీ పడుకునే గదిలో పెట్టించాడు. అంతా బాగానే ఉంది గానీ, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే చాలు, ఆ పొయ్యి గదిలోకి పొగ కక్కేది. మామాకు ఒకటే దగ్గు.

“శుక్రవారం జుమా నమాజు కాగానే వస్తా. అప్పటికీ పొగ వస్తుంటే పొయ్యి పీకించేసి అమ్మను తీసుకుపోతా” అని ఫోన్లో తేల్చేశాడు సయీద్.

సత్యకుమారి కబురు పెడితే గురువారం పొద్దున్నే ఇనాయతుల్లా వచ్చాడు. రాయచోటి మనిషి, ఏసీ డక్టులు వేసే మిస్త్రీ. కిటికీల అంచులకు టేపులు, తలుపుల కింద గుడ్డల చుట్టలు చూసి పగలబడి నవ్వాడు.

“ఏందక్కా, ఇంటిని పచ్చడి జాడీ మాదిరి బిగిచ్చినావు?”

“దుమ్మండీ అన్నయ్యా! గాలి లేచిందంటే కంచంలో కూడా ఇసకే. మామా చెప్తే అన్నీ నేనే అంటించానండి” అంది, కాస్త గొప్పగా.

“దుమ్ము రాల్యా, గాలీ రాల్యా. వంటింట్లో ఫ్యాను ఉన్న గాలంతా బయటికి గుంజుతాంది. లోపలికి వచ్చేదానికి యాడా సందు లేదు. ఇంకేం జేచ్చాది, పొగగొట్టంలో నుంచే దిగుతాంది, పొగతో సహా. గోడకు బొక్క కొట్టి, బయటి గాలి నేరుగా పొయ్యిలోకి పోయేట్ల గొట్టం ఎయ్యల్ల.”

“మరింకా నిలబడ్డారేంటండీ? ఎయ్యండి.”

గోడ కొట్టడానికి ఫోన్లో అనుమతి అడిగితే, ఏం చేసుకుంటారో చేసుకోండి, శుక్రవారం మాత్రం శుక్రవారమే అన్నాడు సయీద్.

పాతకాలపు రాతిగోడ అది. ఇనాయతుల్లా డ్రిల్లింగ్ మిషన్ సగం దాకా గట్టిగానే పోయి, అక్కడ మొండికేసింది. పళ్ళరిగిపోయిన కట్టర్ బయటికి లాగి అతను నుదురు తుడుచుకున్నాడు.

“ఖలాస్ అక్కా. ఆదివారం కొత్తది తెచ్చుకోని మళ్ళా వచ్చా.”

సత్యకుమారి వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. “ఆదివారం నాటికి ఈ గదిలో ఎవరుంటారండీ? ఉలీ సుత్తీ లేవా మీకాడ?”

“ఉండాయి. ఈ రాతికి చేతులు పోతాయి తెలుసునా?”

“మీవి పోతే నావున్నాయి కదండీ.”

అతనికి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. కానీ ఆ గుమ్మం దాటే మార్గం మాత్రం కనపడలేదు. ఇద్దరూ వంతులవారీగా కొట్టారు. సత్యకుమారి అరచేతులు బొబ్బలెక్కాయి. పైటకొంగు చింపి కట్టుకుని మళ్ళీ సుత్తి పట్టింది. సాయంత్రం అసర్ నమాజు వేళకు గోడలోంచి వెలుతురు కనపడింది. గొట్టం దూర్చి, చుట్టూ సిమెంటు మెత్తి, లోపలి కొసను పొయ్యి వెనకాల బిగించాడు ఇనాయతుల్లా. బయటి కొసకు ఇనుప జాలీ పెట్టి, నోరు కిందికి తిప్పాడు.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేశారు. మంట నిటారుగా, తెల్లగా నిలబడింది. పొగ లేదు. సత్యకుమారికి ఏడుపొచ్చింది, మొహమాటం లేకుండా ఏడ్చేసింది.

శుక్రవారం మధ్యాహ్నానికి గాలి లేచింది. సయీద్ కోసం వంటింట్లో మాంసం అన్నం దించుతున్న సత్యకుమారికి మామా దగ్గు వినపడింది. గరిటె పారేసి పరుగెత్తింది. పొయ్యి అద్దం నల్లగా మసిబారింది. గదినిండా పొగ. పొయ్యి కీచుమని అరిచి ఆగిపోయింది. ఖర్మ కొద్దీ సరిగ్గా అప్పుడే సయీద్ లోపలికొచ్చాడు.

“నేను చెప్పలేదా?” అన్నాడు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని. “యల్లా అమ్మా, బయల్దేరు.”

“ఒక్క నిమిషం బాబా!” అని సత్యకుమారి ఇంటి వెనక్కి పరుగెత్తింది. గొట్టం మూతికి ఉన్ని శాలువా చుట్టి ఉంది. పైన మేకల్ని కట్టే తాడు, ముడి మీద ముడి. బొబ్బల చేతులతో పీకి, శాలువా పట్టుకుని లోపలికొచ్చింది.

“గొట్టానికి ఇది కట్టేశారు బాబా, అందుకే పొగ!”

“కట్టింది నువ్వేగా? దుమ్ము కనపడితే చాలు, ఇంట్లో ఉన్న సందులన్నీ మూస్తావు! బుద్ధుందా నీకు?” అని అరిచాడు సయీద్.

“దాన్నేమీ అనకు. కట్టింది నేను” అంది మామా.

“దుమ్ముకు భయపడా అమ్మా?”

“దుమ్ము నాకు కొత్తా? ఈ పిల్ల పడుకునేది ఆ గొట్టం పక్కనే. ఈ గాలి రాత్రంతా దాని వీపుకు కొట్టదూ?”

సయీద్ తల్లివైపు చూశాడు. పల్చటి నూలు బట్టలో తల్లి వణుకుతోంది. ఉన్న ఒక్క శాలువా తీసుకుని, ఆ గాలిలో గోడ పట్టుకుంటూ ఇంటి వెనక్కి ఎలా నడిచిందో!

“ఆ గాలి గదిలోకి రాదు మామా, పొయ్యిలోకే పోతుంది” అందామనుకుంది సత్యకుమారి. ఆ మాట పక్కన పెట్టి వెళ్ళి, తన చేత్తో అంటించిన టేపు తనే చింపి, కిటికీ బార్లా తెరిచింది.

సయీద్ శాలువా దులిపి తల్లి భుజాల మీద కప్పాడు.

“పొయ్యి వెలిగించు సత్యా” అంది మామా. “వీడు అన్నం తిని వెళ్తాడు. మనం ఇక్కడే ఉంటాం.”

సయీద్ కారు తాళాలు జేబులో వేసుకుని, కంచం కోసం కింద కూర్చున్నాడు.