విత్తు కలిపే చెయ్యి

పొద్దున ఆ కొండదారినే కదా వచ్చారు, ఏం చూశారో చెప్పండి! రాతింటి ముందు ముసలిది చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కోడలు నిప్పు రాజేసింది, గేదెను పిండింది, మజ్జిగ చిలికింది, గడ్డితాడు పేనింది. అంతేనా? అత్తపెత్తనం అనుకుని మూతి తిప్పుకుని దిగిపోయారా?

అలకనంద నది మీది ఆ కొండల్లో పని నేర్పడమంటే ఇచ్చేయడమే. కోడలి చేతికొచ్చిన పని అత్త చేతిని వదిలిపోతుంది. దానికి చుట్టుకున్న జ్ఞాపకమూ పోతుంది. కోడలు బీరాకి చిలకడం నేర్పిన రోజున ఆ ముసలిది, సౌణీ, కవ్వం పట్టుకోవడమే కాదు, చిలుకుతూ వాళ్లమ్మ పాడే పాట కూడా మరిచిపోయింది. ఎవరూ వింతపడలేదు. ఆమె అత్తా అలాగే ఇచ్చి పోయింది.

సౌణీ దగ్గర ఇక మిగిలింది ఒక్కటే: విత్తు కలపడం. ఆ మెట్టుచేలల్లో ఒకే పంట వేస్తే మిగిలేది ఆకలే. రాగులు, ఊదలు, ఉలవలు, రాజ్మా, తోటకూర గింజలు కలిపి చల్లాలి. తోటకూర కాడ పట్టుకుని రాజ్మా తీగ పాకాలి. ఏ చేనుకి ఎంత పాలో అక్కడి మన్ను పట్టి చూస్తేనే తెలుస్తుంది. పోయినేడు సౌణీ జ్వరంతో పడుంటే, బీరా తనకి తోచినట్టు కలిపింది. ఉలవతీగ రాగుల్ని తొక్కేసింది. చలికాలమంతా ముట్టుకుంటే మండే కండాలీ ఆకు ఉడకేసుకుని బతికారు.

మరి నేర్పదేం? ఆ పనికి చుట్టుకున్నది ఆమె కొడుకు, బీరా మొగుడు కుందన్. విత్తు చల్లుతూ చల్లుతూ చేలోనే కన్నది వాణ్ణి. పెళ్లయ్యాక ఒక ఏడు వానల్లో కొండచరియ వాణ్ణి మింగేసింది. కాల్చుకోవడానికి శవం కూడా దక్కలేదు.

"ఈ ఏడూ కండాలీయేనా?" చెలమ దగ్గర పక్కింటి జసోదీ దెప్పింది. "అత్తని అడగవేమే? నోట్లో బెల్లం పెట్టుకున్నావా?"

"అడిగితే ఆమె కొడుకుని ఇచ్చెయ్యమన్నట్టే కదా, వదినా."

"పోయినోడి కోసం ఉన్నదాన్ని చంపుకుంటారా ఎక్కడైనా!"

తొలివాన పడ్డ పొద్దున సౌణీయే అంది, "నన్ను వీపుబుట్టలో కూర్చోబెట్టుకో. చేనుకి పోదాం."

"వద్దత్తా. తిండికి పుట్టింటికి పోతాలే."

"పుట్టింటి రొట్టె నాలుగు రోజులే తీపి. మళ్లీ విత్తు నాటికి నేనుండను. వీపు వంచు."

చేలో దిగాక ముసలిది వెంటనే మన్ను ముట్టలేదు. "ముందు వాడి గురించి చెప్పుకోనీ. ఎడమచేత్తో తినేవాడు, వీపు చీరేసేదాన్ని. నిద్దట్లో నవ్వేవాడు. నీకు పెళ్లిలో గాజులు చిన్నవైతే నాతో పోట్లాడాడు, ఎరుగుదువా?"

బీరా తలొంచుకుని విన్నది. అప్పుడు సౌణీ కోడలి చెయ్యి పట్టి మన్నులో పెట్టింది. "ముద్ద కట్టి విడిపోయిందా? ఉలవ తగ్గించు. జిగటగా ఉందా? ఊదలు పెంచు."

ఎండ నెత్తికెక్కేసరికి బీరా చెయ్యి తనంతట తానే విత్తు ఏరుకోసాగింది. సౌణీ వేళ్ల సందుల్లోంచి గింజలు ఇసకలా జారిపోయాయి.

"ఎవరిదమ్మా ఈ చేను?" అంది ముసలిది.

"మనదే అత్తా."

"అత్తనా నేను?" నవ్వింది. ఏడుపు జాడ లేని నవ్వు, ఎన్నాళ్లకో. "అయితే నాకు కొడుకున్నాడన్నమాట! ఏడీ? పిలువు, చూస్తాను."

నిజం చెబితే ఆమె వాణ్ణి మళ్లీ పోగొట్టుకోవాలి. చెప్పకపోతే వాడు ఆమెకి పుట్టనే లేదు. బీరా మన్ను చేతులు కొంగుకి తుడుచుకుంది.

ముసలిది దారికేసి చూస్తోంది. బీరా చోట మీరుంటే ఏమంటారు?