వెళ్ళొస్తా బటన్

జువ్వలదిన్నె హార్బరులో వేలంపాట ముగిశాక హెబ్రోను రోజూ ఒక్క కానాగంత చేప కొనుక్కునేవాడు. "ఒక్క చేపకు పులుసేం పెడతావయ్యా, చట్టి నవ్వదా?" అని చేపలమ్మే ధనలక్ష్మి ఎగతాళి చేసేది. అతనూ నవ్వేసి, ఐస్ ఫ్యాక్టరీ పైనున్న గదికి మెట్లెక్కేవాడు. అక్కడ అతనూ, పాత కంప్యూటర్లూ తప్ప మరో ప్రాణి లేదు.

వేటకెళ్ళే పడవల పేర్లు రాసుకునే ప్రోగ్రాం అతనే తయారుచేశాడు. హార్బరు ఆఫీసులో విండోస్, కింద ఫ్యాక్టరీలో లినక్స్. రెండింటిలోనూ ఒకేలా కనిపించాలని నానా తంటాలు పడ్డాడు. చివరి బటన్ మీద 'మూసెయ్' అని రాయడానికి మాత్రం మనసొప్పలేదు. సముద్రం మీదికి పోయేవాడు ఆఖరున నొక్కేది అదే మరి. అందుకని 'వెళ్ళొస్తా' అని రాశాడు.

అది నొక్కి వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారు. మొన్న వాయుగుండంలో సమాధానం అనే జాలరి పడవకు ఇంజను చెడి, చుక్కాని విరిగింది. అయినా అది తనంతట తానే గాలికి ఎదురీది వచ్చి హార్బరులో తన చోట ఆగింది. "కూడు చల్లారిపొయ్యింది గదా" అని సమాధానం పెళ్ళాం కసురుకుంది, అంతే.

హెబ్రోను గదికి మెట్లెక్కి వచ్చే మనిషి ఫ్లోరా ఒక్కతే. రొయ్యల గుంటల నీళ్ళు పరీక్షించే ల్యాబులో ఆమె ఉద్యోగం. ఆదివారం చర్చి అయ్యాక వచ్చి, టీ పెట్టి, కబుర్లు చెప్పి వెళ్ళేది. ఆమెకు కాకినాడ బదిలీ అయింది.

"నా మ్యాక్‌లో గూడా మీ ప్రోగ్రాం ఎక్కించండి" అంది, బస్సెక్కే రోజు పొద్దున.

ఎక్కించాడు. తెరుచుకుంది. అడుగున బటన్ లేదు. హెబ్రోను తెరంతా వెతికాడు.

"టైమైంది. పోతా" అంటూ ఆమె లేచింది.

"పోతా అనబాకండి!"

ఆమె ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది.

తప్పెక్కడుందో ఆమె బస్సెక్కిన కాసేపటికే దొరికింది. తన కంప్యూటరు చూసి, తెర మీద ప్రోగ్రాం కనిపించే పెట్టెకు కొలత కట్టేశాడు. ఆమెదాంట్లో అక్షరాలు ఇంకాస్త ఎత్తు. కింది వరస పెట్టె బయట పడిపోయింది. తన కొలతే లోకం కొలత అనుకోవడం ఒంటరివాళ్ళకు అలవాటే కదా! కొలతలన్నీ తీసేసి, అక్షరాలకు ఎంత చోటు కావాలో అంత ఇమ్మని రాసి, వెంటనే ఆమెకు పంపాడు. 'కనపడింది' అని జవాబొచ్చింది. నొక్కారా అని అడగలేకపోయాడు. లేదంటుందేమోనని భయం.

ఆ వానాకాలమంతా ఒంటరితనం అతని ఎముకల్లోకి దిగింది. ఊళ్ళో వాళ్ళంతా వెళ్ళడం, రావడం చూస్తూనే ఉన్నాడు. ఎవరి పడవ రాలేదని ఎవరూ ఏడవలేదు. మెట్ల మీద చప్పుడైతే చాలు, తలుపు తీసి చూసేవాడు. ఐస్ మోసే మనుషులే.

వానలు వెనకపట్టాక ఒక పొద్దున ధనలక్ష్మి అతని సంచిలో రెండు కానాగంతలు వేసింది.

"రెండెందుకక్కా?"

"పైకి చూడయ్యా."

మూసి వచ్చిన గది తలుపు తీసి ఉంది. హెబ్రోను మెట్లన్నీ పరుగున ఎక్కాడు. ఫ్లోరా టీ వడపోస్తోంది.

"కాకినాడ ల్యాబు ఎత్తేసినారు. మళ్ళీ ఇక్కడికే పంపించినారు" అంది, నిన్న వెళ్ళి ఇవాళ వచ్చినట్టు.

అతను చేపల సంచి గడపలోనే పెట్టేశాడు. చివరికి ఇన్నాళ్ళూ అడగనిది అడిగాడు. "బటన్... ఎప్పుడు నొక్కినారు?"

"బస్సు కావలి దాటకముందే."