రెండు కిడ్నీలూ నావే

మా ఆయన కోసం ఉప్పు వేయని కూర వేరే గిన్నెలోకి తీస్తుంటే, అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి అంది: "పెళ్ళాం ఉండగా బయటివాళ్ళ కాళ్ళు పట్టుకోవడమేంటి? రెండున్నాయిగా. ఒకటిస్తే నీ సొమ్మేం పోయింది?"

పక్కింట్లో చారెడు పంచదార అడిగినంత తేలిగ్గా అడిగింది, నా కిడ్నీని.

ఆయన కిడ్నీలు పాడయ్యాయని తెలిసి మూడు నెలలు. అప్పట్నించీ ఆయనకి వేరే వంట, నీళ్ళు కొలిచి ఇవ్వడం, ఉబ్బిన కాళ్ళ కింద దిండు సర్దడం. ఇవన్నీ ముగించి ఎనిమిదింటికల్లా యూనిఫాంలు కుట్టే ఫ్యాక్టరీలో మిషను ముందు కూర్చోవాలి. నా కాళ్ళూ ఉబ్బుతున్నాయని ఒక్కసారి నోరు జారాను. "అన్నయ్యకొస్తే నీకూ రావాలా వదినా, పోటీయా?" అని మరిది నవ్వాడు. మూత్రం నురగలు నురగలుగా వచ్చేది. బాత్రూం కడిగే పౌడరు మిగిలిపోయిందేమో అనుకున్నాను, కడిగేదీ నేనే కదా. ఫ్యాక్టరీలో నీరసంతో రెండుసార్లు మిషను ఆపితే, "మేడంగారికి ఒళ్ళు బరువెక్కింది" అని సూపర్‌వైజరు లైనంతా వినబడేలా అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

కిడ్నీ ఇస్తానన్నాను. ఇష్టపడి కాదు, కాదనడం అలవాటు లేక.

పరీక్షలయ్యాక డాక్టరమ్మ నన్నొక్కదాన్నే లోపలికి పిలిచింది. నాకు హెచ్.ఐ.వి. ఉందనీ, వచ్చి కొన్నేళ్ళయి ఉంటుందనీ, మందు పడకపోవడంతో కిడ్నీల దాకా పోయిందనీ చెప్పింది. ఆ నురగ ఒంట్లోంచి కారిపోతున్న ప్రొటీనట. ఇచ్చే మాట మర్చిపోయి ఉన్నవి కాపాడుకోమంది. ఇవాళే మాత్రలు మొదలుపెడితే నిలబెట్టుకునే అవకాశం బాగానే ఉందంది. నాకెలా వచ్చిందని అడిగాను. మీవారితో మాట్లాడండమ్మా అంది.

ఆయన వరండాలో బెంచీ మీద ఉన్నాడు. అడిగితే చెప్పాడు. ఆరేళ్ళ కిందట ఏదో జ్వరానికి రక్తపరీక్ష చేయిస్తే బయటపడిందట. మాత్రలకి వెళ్తే తెలిసినవాళ్ళు చూస్తారని వెళ్ళలేదట.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వుంటావా?"

ఉంటానో పోతానో తేల్చుకోవాల్సింది నేను. అదీ ఆయనే తేల్చేశాడు. నేను జ్వరంతో మూలుగుతుంటే ఈ మనిషికి తెలుసు. నీరసమంటే రక్తం తక్కువైందేమో, బెల్లం తినమన్నప్పుడు తెలుసు. నన్ను దగ్గరికి లాక్కున్న ప్రతిసారీ తెలుసు. తన పరువుకి నా ఒంటిని అడ్డం పెట్టుకున్నాడు. చాలక, అదే ఒంట్లోంచి ఓ ముక్క కోసివ్వమని వాళ్ళమ్మ అడుగుతుంటే నోరు మూసుకుని కూర్చున్నాడు.

ఆటోలో నా చెయ్యి పట్టుకున్నాడు. అమ్మకి చెప్పొద్దట. కిడ్నీ కలవలేదని చెబితే చాలట. ఆవిడ ఓ మాట అంటే పడతావులే, నీకు కొత్తా అన్నాడు. చెయ్యి లాగేసుకున్నాను.

ఇంటికి రాగానే, కలవలేదని ఆయనే ముందుగా అందించేశాడు. అత్తగారు మెటికలు విరిచింది.

"అనుకుంటూనే ఉన్నా. ఏనాడు కలిసొచ్చింది గనక ఇది?"

నేను వంటింట్లోకి వెళ్ళి కంచంలో అన్నం పెట్టుకొచ్చి హాల్లో కూర్చున్నాను. ఎవరికీ వడ్డించలేదు. కడుపు నిండా తిని, డాక్టరమ్మ రాసిచ్చిన మాత్రల సీసా మూత తీసి, అందరూ చూస్తుండగా మొదటిది మింగాను. అదేం మాత్ర అని అత్తగారు అడిగింది. ఆయన కళ్ళతోనే బతిమాలుతున్నాడు.

"హెచ్.ఐ.వి.కి అత్తయ్యా," అన్నాను. "నాకు ఇవాళే తెలిసింది. ఆరేళ్ళుగా తెలిసిన మనిషి మీ పక్కనే ఉన్నాడు. మిగతాది ఆయన్నడగండి."