పన్నెండు దాటిన నీడ

మా అక్క లెక్కల టీచరు, నేను సైన్సు టీచర్ని. ఇద్దరిదీ ఒకే బడి, ఒకే ఇల్లు, ఒకే స్కూటరు. స్కూటరు అక్కే నడుపుతుంది. వెనక కూర్చున్న మనిషికి నోరు ఉండకూడదని తన గట్టి నమ్మకం.

ఆ శుక్రవారం పొద్దున దారిలో అంది: "ఇవాళ ఇన్‌స్పెక్టర్ మేడమ్ నీ క్లాసు చూస్తారట. ఆవిడకి నచ్చకపోతే నీ ఆకాశం పీరియడ్ నాకే ఇస్తానన్నారు హెడ్మాస్టరు గారు. ముందే చెప్తున్నా, తర్వాత ఇంట్లో మూతి ముడుచుకుని కూర్చోకు."

ఆకాశం పీరియడ్ అంటే వారానికి ఒక్కసారి ఏడో తరగతి పిల్లల్ని గదిలోంచి బయటికి తీసుకొచ్చి పైకి చూపించే నలభై నిమిషాలు. తొమ్మిదేళ్ల కిందట కాళ్లావేళ్లా పడి సంపాదించుకున్నాను. నేను ఉద్యోగం చేసేది వారమంతా, బతికేది మాత్రం ఆ నలభై నిమిషాలే. హెడ్మాస్టరు గారికి ఇది ఎప్పుడూ మింగుడు పడలేదు. "ఆకాశం ఎక్కడికీ పోదు కదమ్మా, పిల్లల బుర్రల్లోంచి భిన్నాలు పోతున్నాయి," అంటారు.

ఆ రోజుకి నేను ఎంచుకున్నది నాకు బాగా చేయి తిరిగిన ప్రయోగం. వాలీబాల్ స్తంభం నీడ సిమెంటు నేల మీద పడుతుంది. పదకొండూ ఇరవై నుంచి ఐదేసి నిమిషాలకొకసారి నీడ కొసన సుద్దముక్కతో గీత గీస్తాం. గీత గీతకీ నీడ తగ్గుతూ వస్తుంది. పన్నెండు గంట కొట్టగానే ఆఖరి గీత. అన్నిట్లోకీ అదే పొట్టిది. "కాబట్టి సూర్యుడు బాగా పైకొచ్చేది ఎప్పుడు?" అని నేను, "పన్నెండింటికి" అని పిల్లలు. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా గురి తప్పలేదు.

ఇన్‌స్పెక్టర్ మేడమ్ పావు తక్కువ పన్నెండుకి వచ్చింది. సన్నగా, చేతిలో గొడుగుతో, ఎవరి మాటా తొందరగా నమ్మని ముఖంతో. పక్కన హెడ్మాస్టరు గారు రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డారు. పిల్లలు ముచ్చటగా గీతలు గీశారు. పన్నెండు అయింది, అటెండరు గంట కొట్టాడు, ఆఖరి గీత పడింది, నేను అడిగాను, వాళ్లు చెప్పారు. నా గుండె కుదుటపడింది.

"బాగుంది. ఇప్పుడు నీడ మళ్లీ పెరగడం కూడా చూసి వెళ్తాను," అంది మేడమ్.

పిల్లలు ముఖముఖాలు చూసుకున్నారు. ఒకడు అప్పటికే టిఫిన్ డబ్బా చంకన పెట్టుకున్నాడు. నేను మాత్రం ధీమాగా, "తప్పకుండా చూడండి మేడమ్," అన్నాను.

పన్నెండూ ఐదుకి గీత గీశాం. నీడ పెరగలేదు, ఇంకా తగ్గింది. పన్నెండూ పదికి మరికాస్త తగ్గింది.

హెడ్మాస్టరు గారు అటెండరు వైపు తిరిగారు. "గంట ముందే కొట్టేశావా?"

అటెండరుకి రోషం వచ్చింది. "ఇరవై ఏళ్లుగా కొడుతున్నా సార్. ఫోన్లో టైము చూసే కొట్టాను."

"సరే, ఆ నీడ తగ్గడం ఎప్పుడు ఆగుతుందో చూసి అప్పుడు ఇంకోసారి కొట్టు. పాఠం సరిపోతుంది."

మేడమ్ గొడుగు కింద నవ్వు దాచుకుంది. నీడ పన్నెండూ ఇరవై ఐదు దాకా కుదించుకుపోయింది. పన్నెండున్నరకి వెంట్రుకవాసి పెరిగినట్టు అనిపించింది. పన్నెండూ ముప్పై ఐదుకి, హమ్మయ్య, పెరిగింది. పొట్టి గీతకీ మా పన్నెండు గంటల గీతకీ మధ్య మూడు వేళ్లు పట్టేంత సందు.

"ఇన్నేళ్లుగా పన్నెండు అని ఎలా తేలింది?" అని అడిగింది మేడమ్.

హెడ్మాస్టరు గారు నా పక్కకి జరిగి గుసగుసలాడారు. "స్తంభం వంగిందని చెప్పమ్మా. నేను కూడా అవునంటాను."

చెప్పేద్దామనే అనిపించింది. ఎప్పుడో బంతి తగిలి వంగిందంటే ఎవరు కాదంటారు? పీరియడ్ దక్కేది. కానీ పిల్లలు ముప్పై ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. క్లాసు మొదట్లో రాయి కట్టిన తాడు వేలాడదీసి ఆ స్తంభాన్ని సరిచూసి, నిటారుగా ఉందని నాకు చెప్పింది వాళ్లే.

"స్తంభం బాగానే ఉంది మేడమ్," అన్నాను. "పన్నెండు దాటాక నేను ఎప్పుడూ చూడలేదు."

"ఎందుకని?"

డబ్బా పట్టుకున్నవాడు సాయానికి వచ్చాడు. "పన్నెండింటికి భోజనాల గంట కదండీ."

తల కొట్టేసినట్టయింది. పుస్తకంలో పన్నెండు అని ఉంది, గంటా పన్నెండుకే కొడతారు, అందరికీ ఆకలేస్తుంది. అలా తొమ్మిదేళ్లు సూర్యుణ్ణి సగం దారిలో వదిలేసి అన్నానికి పోయాను.

ఈలోగా, భోజనానికి రాని తరగతిని వెతుక్కుంటూ అక్క వచ్చింది. సంగతి విని, నా ముఖం చూసి, సుద్దముక్క లాక్కుని నేల మీద కూర్చుంది. "గడియారం దేశమంతటికీ ఒకటే, సూర్యుడు మాత్రం ఊరూరికీ వేరువేరు వేళల్లో పైకొస్తాడు. ఆ గడియారానికి కొలతగా తీసుకున్న చోటికి మనం ఆరు డిగ్రీలు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాలు ఆలస్యం. ఎంతర్రా?"

"ఇరవై నాలుగు," అన్నారు పిల్లలు. భిన్నాలు రానివాళ్లు కూడా అన్నారు.

"పొట్టి నీడ పన్నెండూ ఇరవై ఏడుకి అనుకుంటే, మిగతా మూడు నిమిషాలో?" అంది మేడమ్.

"అవి సూర్యుడివి," అన్నాను. "ఏడాదంతా ఒకేలా నడవడు. కొన్ని నెలలు ముందు, కొన్ని నెలలు ఆలస్యం." ఇదంతా నాకు ఎప్పటినుంచో తెలుసు. తెలిసీ పన్నెండు గంటల గుమ్మం దాటి చూడలేదు. అదే నాకు ఎక్కువ సిగ్గుగా అనిపించింది.

మేడమ్ పుస్తకం తెరిచింది. రాయబోతూ ఆగి, ముందు వరసలో ఉన్న అమ్మాయిని అడిగింది. "మీ టీచరు ఇన్నాళ్లూ తప్పు చెప్పారు. మరి ఈ పీరియడ్ ఉంచాలా, తీసేసి లెక్కలకి ఇవ్వాలా?"

అక్క నా భుజం మీద చేయి వేసింది. నేను నేల చూపులు చూస్తున్నాను.

ఆ అమ్మాయి నేల మీది గీతల వైపు చూసింది. "ఉంచండి మేడమ్. మిగతా పీరియడ్లలో తప్పు చెప్తే మాకు తెలియదు కదా."

హెడ్మాస్టరు గారికి దగ్గు తెర వచ్చింది. అక్క నా భుజం మీంచి చేయి తీసేసింది. మేడమ్ ఆ పిల్ల అన్న మాటని ఉన్నది ఉన్నట్టు రాసుకుని, కింద సంతకం పెట్టింది.