గంట కొట్టాక చెప్పిన మాట

రేడియో అమలమ్మత్తది. వినేది మా వాడంతా. మిలిట్రీలో ఉన్న కొడుకు తెచ్చిచ్చిన ఆ పెట్టెని ఆవిడ సాయంత్రం పూట కిటికీలో పెడుతుంది. ఆ కిటికీ మా పెరటి దడి పక్కనే. మా పిల్లాడు అంతోనికి అన్నం తినిపిస్తూ నేను దడి ఇవతల కూర్చుని వింటాను. పెరటి తోటల సంగతులు చెప్పే రేడియో వదినగారంటే నాకు ప్రాణం. ఐదో తరగతితో బడి మానిపించేశారు నన్ను. ఆవిడ చెబుతుంటే మళ్ళీ వెళ్ళి బడిలో కూర్చున్నట్టు ఉంటుంది.

ఒక్కటే చిక్కు. గుడిలో సాయంత్రం గంట మోగగానే అమలమ్మత్త రేడియో కట్టేస్తుంది. మరియమాతకి మూడు పూటలా చెప్పుకునే త్రికాల జపం వేళ పెట్టె మాట్లాడకూడదని ఆవిడ పట్టు. రేడియో వదినగారు మాట మధ్యలో ఉన్నా సరే, పిల్లాడి చెవి మెలేసినట్టు మీట తిప్పేస్తుంది. అందరం నిలబడి జపం చెప్పుకుంటాం. మా జపం అయ్యేసరికి ఆవిడ కార్యక్రమమూ అయిపోతుంది.

ఆ వారం బెండ మొక్కలకి పట్టే పేనుబంక గురించి చెప్పారు. బకెట్టు నీళ్ళకి ఎంత మందు కలపాలో, ఆకు అడుగున ఎలా చల్లాలో అన్నీ విన్నాను. "అయితే వదినలూ, అన్నిటికంటే..." అంటూ ఉండగా గంట మోగింది.

మర్నాడు పామర్రు వెళ్ళి మందు తెచ్చాను. కొట్టతను పెద్ద డబ్బాలోంచి మా సీసాలోకి వంచి ఇచ్చాడు. ఆ మర్నాడు పొద్దున్నే, చెప్పింది చెప్పినట్టు కలిపి కొబ్బరి చీపురుతో చల్లాను. మధ్యాహ్నం అంట్లు తోముకుని వెనక్కి తిరిగేసరికి అంతోని బెండ మొక్కల మధ్య చతికిలబడి ఉన్నాడు. లేత బెండకాయలంటే వాడికి మహా ఇష్టం. రోజూ నేనే కోసి చేతిలో పెట్టేదాన్ని. ఇప్పుడు నోట్లో ఒకటి, చేతిలో ఒకటి. ఒళ్ళో అన్నీ తొడిమలే.

నోట్లో వేలు పెట్టి ఉన్నదంతా లాగేశాను.

"అత్తా! మందు చల్లిన కాయలు తిన్నాడు అత్తా వీడు!"

అమలమ్మత్త దడి మీంచి తొంగి చూసింది. "ఏ మందే?"

"మొన్న రేడియోలో చెప్పింది."

"రేడియోవోళ్ళు చెప్పిందయితే మంచి మందే అయ్యుద్ది. ఊరికే హడలిపోతావేంటే?"

"చివర్న ఏదో చెప్పబోయింది. అన్నిటికంటే అంది. నువ్వు కట్టేశావు."

ఆవిడ మొహం మాడింది. "గంట కొడితే కట్టనా మరి? ఇబ్రహీంపట్నంలో నీ మొగుడు అంతెత్తు ఎక్కి పని చేస్తన్నాడని వాడి కోసం కూడా కలిపే చెప్తన్నా గదే జపం!"

మా ఆయన మరియదాసు అక్కడ కరెంటు ఫ్యాక్టరీ కట్టే పనిలో ఉన్నాడు. శనివారం గాని రాడు. ఊళ్ళో సూదులు వేసే ఆర్.ఎం.పి. డాక్టరు గదికి తాళం. పామర్రు బస్సు మళ్ళీ చీకటి పడేవేళకి గాని లేదు. పిల్లాడేమో నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా భయం వేసింది. అది మామూలు మందో, ప్రాణం తీసే మందో నాకెవరు చెప్పాలి?

అప్పుడు గుర్తొచ్చింది. రేడియోవాళ్ళు బెజవాడ నించి జీపులో వస్తారనీ, తోటల కార్యక్రమం ఎలా ఉంటే బాగుంటుందో ఊరి బడిలో కూర్చుని శ్రోతల్ని అడుగుతారనీ పొద్దున్నే దండోరా వేశారు. పిల్లాణ్ణి చంకనేసుకుని, సీసా పట్టుకుని పరిగెత్తాను. అమలమ్మత్త వెనకాలే వచ్చింది.

బడి వసారా నిండా జనం. కుర్చీలో వెంకటకృష్ణారావుగారట, ఆఫీసరు. పక్కన కళ్ళద్దాల ఆవిడ ఒకావిడ. మా ప్రెసిడెంటు రత్తయ్యగారు నిలబడి మాట్లాడుతున్నారు.

"తోటల కార్యక్రమం అంటే ముందర ఊరి పేరు రావాలండీ. ఫలానా రత్తయ్య పెరట్లో ఫలానా సొరకాయ కాసిందని చెప్పాలి. అప్పుడూ వినబుద్ధేసేది."

"నీ సొరకాయ మొహం మేమే చూళ్ళేదు, ఇంక రేడియోకెందుకు బాబాయ్?" ఎవరో అన్నారు. అందరూ గొల్లుమన్నారు.

"పాటలు పెంచండి బాబూ," అన్నాడు ముసలి శౌరయ్య. "ఎరువు గురించి ఎంతసేపని వింటాం? పెట్టెలోంచి కంపు కొడతన్నట్టే ఉంటది."

"మేడల మీద కుండీల సంగతి మాకెందుకండీ?" అంది సువార్తమ్మ. "మా కాలవ నీళ్ళు పొంగి పాదుల్లోకొస్తే ఏం చెయ్యాలో అది చెప్పండి."

ప్రతి మాటకీ ఆఫీసరుగారు "మంచి అభిప్రాయం" అంటూ రాసుకుంటున్నారు.

"అయ్యగారూ, ఒక్క మాట," అన్నాను.

"వరసలో అమ్మా. అందరివీ తీసుకుంటాం."

నా ముందు ఎంతమంది ఉన్నారో తెలీదు. ఒకాయన నాటకం పెట్టమన్నాడు. ఇంకొకాయన నాటకం వద్దన్నాడు. ఇద్దరూ దాని మీద వాదించుకుంటున్నారు. నా భుజం తడిగా తగిలింది. చూస్తే అంతోని నోట్లోంచి చొంగ ధారగా కారుతోంది. పళ్ళన్నీ వచ్చాక వాడికి చొంగ కారడం ఆగిపోయింది. ఒళ్ళంతా చెమట.

"గంట కొట్టాక ఏం చెప్పారండీ?" అని అరిచాను.

వసారాలో అందరూ నా వైపు తిరిగారు. "ఏ గంటమ్మా?" అన్నారు ఆఫీసరుగారు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"మరియదాసు పెళ్ళామండీ," అన్నారు రత్తయ్యగారు. "కాస్త కంగారు మనిషి."

"మొన్న బెండ మొక్కల మందు చెప్పారు. అయితే వదినలూ, అన్నిటికంటే అన్నారు. ఆ తర్వాత మాకు గంట కొట్టేశారు. ఆ తర్వాత ఏం చెప్పారు? మీ కాళ్ళు పట్టుకుంటాను, చెప్పండి!"

కళ్ళద్దాల ఆవిడ లేచింది. "ఎందుకమ్మా?" అంది. ఆ ఒక్క మాటకే పోల్చుకున్నాను. మా దడి అవతల మాట్లాడే గొంతు అదే. ఆవిడ నా చేతిలో సీసా చూసింది. పిల్లాడి గడ్డం పట్టుకుని కళ్ళలోకి చూసింది. అంతే, మొహం పాలిపోయింది.

"కృష్ణారావుగారూ, జీపు తియ్యమనండి."

"ఇంకా చాలామంది అభిప్రాయాలు..."

"జీపండీ!"

బోరింగు దగ్గర అంతోని చొక్కా విప్పించి, ఒళ్ళంతా కడిగించి ఎక్కించింది. అమలమ్మత్త నా పక్కన ఎక్కింది. కాలవ గట్టు మీద జీపు ఎగిరెగిరి పడుతోంది. పిల్లాడు ఒకసారి వాంతి చేసుకుని తల వేలాడేశాడు.

"ఇప్పుడన్నా చెప్పండి అమ్మగారూ."

"ఇప్పుడెందుకమ్మా?"

"నేను వినాలి."

ఆవిడ బయటికి చూస్తూ చెప్పింది. "అన్నిటికంటే ముఖ్యం, మందు చల్లాక వారం దాటేదాకా కాయ కోయకండి. పసివాళ్ళని ఆ దరిదాపులకి రానివ్వకండి. అది విషం."

అమలమ్మత్త నోటి మీద కొట్టుకుంది. "ఆ ఒక్క ముక్కా అయ్యాక కొట్టించకపోయావా ప్రభువా, ఆ గంట!"

ముందు సీట్లోంచి ఆఫీసరుగారు తిరిగి చూశారు. "మరి ఎలా చెబితే బాగుండేదంటావమ్మా?" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పాటలు ఎక్కడైనా పెట్టుకోండి అయ్యగారూ. నాటకాలు పెట్టుకోండి. ప్రాణం మీదికొచ్చే మాట మాత్రం మొట్టమొదట చెప్పండి. చివరిదాకా కూర్చుని వినే కొంప మా వాడలో ఒక్కటి లేదు. ఒకళ్ళకి పాలు పొంగుతాయి, ఒకళ్ళ గేదె తాడు తెంపుకుంటుంది, మాకు గంట కొడతారు."

ఆయన రాసుకోలేదు. కలం జేబులో పెట్టేసుకుని, "తొందరగా పోనీవోయ్," అన్నారు డ్రైవరుతో.

పామర్రు ఆస్పత్రిలో డాక్టరుగారు సీసా మూత తీసి వాసన చూశారు. సూది వేశారు. కాసేపటికి మళ్ళీ వేశారు. "కంటిపాప ఆవగింజంత అయిపోయింది, చూశావా? అది పెద్దదయితే సూది మందు పట్టినట్టు. కన్నార్పకుండా చూస్తూ ఉండు," అని పక్క మంచం దగ్గరికి వెళ్ళారు.

చూస్తూ ఉన్నాను. రెప్ప వాలితే వేలితో ఎత్తి చూస్తున్నాను. ఆవగింజే. మళ్ళీ ఆవగింజే. గొంతులో గురగుర చప్పుడు. కిటికీలో వెలుతురు తగ్గిపోతుంటే ఎవరో కిరసనాయిలు దీపం తెచ్చి పెట్టారు. రేడియో వదినగారు మంచం అంచు పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

ఊళ్ళో ఏ గుడిలోనో సాయంత్రం గంట మోగింది. అమలమ్మత్త అలవాటుగా లేచి సిలువ గుర్తు వేసుకుంది. నేనూ లేవబోయాను. ఆవిడ నా భుజం నొక్కి కూర్చోబెట్టింది.

"నువ్వు లేవబాకే. జపం సంగతి నేను చూస్తా. నువ్వు వాడి కన్ను చూడు."

గంట ఆగింది. రెప్ప ఎత్తాను. నలుపు కాస్త వెడల్పయినట్టుంది. దీపం కదిలి అలా కనిపించిందో ఏమో.

"అమ్మగారూ, మీరొకసారి చూడండి."

ఆవిడ కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుని వంగింది. చాలాసేపు చూసింది. అంతోని ఆవిడ మొహాన్ని చేత్తో నెట్టేశాడు.

"పెద్దదయిందమ్మా," అంది. "డాక్టరుగారిని పిలుస్తాను."

నేను ఆవిడ కొంగు పట్టుకుని ఆపాను.

"ఇంకేమన్నా ఉందా అమ్మగారూ? ఉంటే మొత్తం చెప్పి వెళ్ళండి."