బస్తా అడుగున

ఎల్గాన్ కొండ వాలులోని ఆ ఊళ్లో కాఫీ రైతుల సహకార సంఘానికి ఖైన్జా తనిఖీదారు. రైతులు తెచ్చిన ప్రతి బస్తాలోనూ మోచేతి దాకా చెయ్యి దూర్చి చూసి, బాగుంటేనే కాటాకు పంపేది. దళారులకన్నా మంచి ధర ఇచ్చే విదేశీ కొనుగోలుదారు ఆ సంఘం సరుకే తీసుకుంటాడు. ఊరి పనులకని అతను అదనంగా ఇచ్చే సొమ్ముతో బడి కట్టారు, కుళాయి వేశారు. ఖైన్జా కూతుళ్లిద్దరూ ఆ బడిలోనే చదువుతున్నారు.

ఆ శుక్రవారం సంఘం అధ్యక్షుడు గిడుడు మూడు బస్తాలు దింపించాడు. ఆమెకు స్వయానా చిన్నాన్న. ఈ పని ఇప్పించిందీ ఆయనే.

పైన కాఫీ పండ్లు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. చెయ్యి లోపలికి పోయేసరికి మెత్తగా, జిగటగా ఏదో వేళ్లకు చుట్టుకుంది. బయటికి తీసింది. నల్లగా కుళ్లిన గుజ్జు, అందులో కదులుతున్న తెల్ల పురుగులు. పులిసిన కంపు గుప్పున కొట్టింది.

"ఇవి నేల రాలి కుళ్లినవి చిన్నాన్నా."

"అడుగున కాసిని ఉంటే ఏమైందే? అందరి వాటిలో కలిపెయ్. సముద్రం అవతల కూర్చున్నోడికి వాసనొస్తుందా?"

"కిందటేడు వచ్చింది."

కిందటేడూ ఆయన ఇలాగే తెచ్చాడు. ఆమె చూసీ చూడనట్టు కాటాకు పంపింది. రుచి చూసిన కొనుగోలుదారు సరుకు మొత్తం వద్దన్నాడు. దాంతో అదనపు సొమ్ము రాక, ఊళ్లో కడుతున్న పురిటి గదికి గోడలు లేచాయి గాని పైకప్పు పడలేదు. దానికి కారణం ఎవరో ఆమె ఎవరికీ చెప్పలేదు.

గిడుడు గొంతు తగ్గించాడు. "నీ పిల్లలు చదివే బడి ఎవరు కట్టించారే? నేను కాదూ?"

ఆ మాటకు కలిగిన ఏవగింపు ముందు కుళ్లు కంపు ఎంత! ఖైన్జా బస్తా మూతి పట్టుకుని, సరుకుతో వరుసలో ఉన్న ఆడవాళ్ల ముందే నేల మీద గుమ్మరించింది.

అందరూ ముక్కులు మూసుకున్నారు. ముసలి నబిఫో వంగి చూసి, "ఏమయ్యా అధ్యక్షా, ఇవి చెట్టున కాశాయా, మీ ఆవు వేసిందా?" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"కిందటేడూ ఇవే వచ్చాయి," అంది ఖైన్జా. "చూసి కూడా నోరు మూసుకున్నాను. ఆ తప్పు నాది."

నవ్వు ఆగిపోయింది. వరుసలో నండుడు ఉంది. కప్పు లేని ఆ గదిలో వానలో తడుస్తూ బిడ్డను కన్న మనిషి. ఖైన్జా ముఖంలోకి సూటిగా చూసి, పక్కకు తుపుక్కున ఉమ్మింది.

మంగళవారం సభ్యులందరూ కూర్చుని, చేతులెత్తి గిడుడును దించేశారు. అయినా మూడో వంతు చేతులు ఆయన వైపే లేచాయి. "ఎంతైనా మనవాడు" అని వాళ్లు గొణుక్కుంటుంటే ఖైన్జాకు ఒళ్లు జలదరించింది. కిందటేడు తనూ అలాగే అనుకుంది కదా; తనిఖీ పని మానేస్తానంది.

"మానేసి ఎక్కడికే?" అంది నండుడు. "ఉండి చూడు. మళ్లీ చిన్నాన్నలూ మేనమామలూ అన్నావో, ఆ కుళ్లంతా తెచ్చి నీ నోట్లో కుక్కుతా."

ఆ ఏడు సరుకు అమ్ముడుపోయింది. పురిటి గదికి రేకులు వచ్చాయి. వాటిని దింపే రోజున గిడుడు అందరికన్నా ముందు నిలబడి, "జాగ్రత్తర్రా, మన సొత్తు!" అని కేకలేస్తుంటే, ఖైన్జా ముఖం తిప్పుకుని వెళ్లిపోయింది.